మడమ కింద గోటి మందం

కొండ మీద కాపలా గది
మూడో తారీకు

తమ్ముడూ,

చెయ్యి కట్టు మొన్న విప్పారు. భుజం లేస్తోంది కాని, పై గూట్లో డబ్బా అందుకోవాలంటే ఇంకా ఎడమ చెయ్యే వాడుతున్నాను. ఇది చదివి మరదలు బస్సెక్కి వచ్చేస్తుందేమో, వద్దని చెప్పు. ఇక్కడున్నది ఒక మంచం, ఒక పొయ్యి. ఇద్దరం ఉంటే ఒకరు గుమ్మంలో నిలబడాలి.

పెద్దాయన పోయి ముప్పై నాలుగు రోజులైంది. పన్నెండేళ్లు నన్ను మోసిన గుర్రం ఆయన. శాలలో తను తినగా మిగిలిన గడ్డి ఇంకా తీయలేదు. తీయడానికి చెయ్యి నొప్పి అని అందరికీ చెబుతున్నాను.

ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గుర్రం మీద అడవి తిరిగే కాపలాదారు గుర్రాన్ని తనే తెచ్చుకోవాలన్న నియమం నీకు తెలిసిందే. పాతది పోతే అరవై రోజుల్లో ఇంకొకటి చూపించాలి. మా శాఖ పశువుల డాక్టరు చూసి సంతకం పెట్టాలి. లేదంటే నన్ను కింద గేటు దగ్గర కూర్చోబెడతారు. ఈ నెల ఒకటి నుంచి లెక్క.

నువ్వు నాడాలు కొట్టేవాడివి. ఆ ఊరి సంతకి వచ్చే గుర్రాల్లో సగం నీ చేతిలో కాలు పెట్టినవే. నాకు అందం వద్దు. వయసు పదిలోపు ఉంటే చాలు. వాలు దిగాలి, నీళ్లు చూసి బెదరకూడదు, పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దాకా మొయ్యాలి. మా డాక్టరు పళ్లు చూసి, ఒకసారి అటూ ఇటూ పరిగెత్తించి సంతకం పెట్టేస్తాడు, పది నిమిషాల పని. ఆయన మీద వదిలెయ్యకు. మీ ఊళ్లో పశువుల డాక్టరమ్మ ఉందన్నావు కదా, ఆమెకి ముందే చూపించు. నాడాలు విప్పించి చూపించు.

ఫోను కొండ దిగితే గాని పలకదు. పలికినా నువ్వు అన్నిటికీ ‘సరే అక్కా’ అంటావు. కాగితం ముందుంటే కాస్త ఆలోచిస్తావని రాస్తున్నాను.

అక్క


నాడాల కొట్టు, సంత వీధి
పద్నాలుగు

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే నీ మరదలు సంచీ సర్దింది. మంచం సంగతి చదివి వినిపిస్తే విప్పింది. విప్పుతూ, ‘మీ అక్క గుర్రానికి చూస్తున్నంత శ్రద్ధగా మావాళ్లు నాకు సంబంధం చూసుంటే ఈ కొలిమి పొగ తప్పేది’ అంది. పొగ నిజమే.

సంతలో గోధుమ రంగు గుర్రం ఒకటి నచ్చింది. ఎనిమిదేళ్లది, వెడల్పు ఛాతీ, నిదానం. అమ్మేది బ్రోకరు బెల్లం. అతని అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, మాట తీపిని బట్టి అలా పిలుస్తారు. నువ్వు చెప్పినట్టు డాక్టరమ్మని తీసుకెళ్లాను. ఆమెకి తొందర ఉండదు. ముందు శాలలో ఊరికే నిలబడి చూసింది. చీకటి గదిలో పెట్టి కళ్లలోకి లైటు వేసింది. గుండెకి గొట్టం పెట్టి విని, పరిగెత్తించి, మళ్లీ వింది. ఒక్కో కాలూ మడిచి నిమిషం పాటు గట్టిగా పట్టుకుని, వదిలిన వెంటనే పరిగెత్తించమంది. మడిచిన కీలులో నొప్పి ఉంటే ఆ నాలుగు అడుగుల్లో బయటపడుతుందట.

బెల్లానికి విసుగొచ్చింది. ‘ఏంటమ్మా, గుర్రాన్ని చూడమంటే జాతకం తీస్తున్నారు’ అన్నాడు.

‘జాతకం నువ్వు చెప్పావుగా. నేను కాళ్లు చూస్తున్నా’ అంది.

అన్నిట్లో నిలబడింది. కొనేద్దామనుకున్నాను. ఆమె పోతూ పోతూ మెడ దగ్గర రక్తం తీసింది. ఐదు రోజులకి రిపోర్టు వచ్చింది, ఒంటినిండా నొప్పి మందు. బెల్లాన్ని అడిగితే, ‘నాకు మోకాళ్ల నొప్పులు. నా బిళ్లలు దాని దాణాలో పడుంటాయి’ అన్నాడు. నవ్వకుండా అన్నాడు, అదీ గొప్ప.

నాడాలు విప్పించి చూపించమని రాశావు. సరే. నా పని మీద నీకు అనుమానమేమో అనుకున్నాను, మళ్లీ ఆ గుర్రానికి నాడాలు కొట్టింది నేను కాదు కదా అని ఊరుకున్నాను.

భుజానికి వేడి నీళ్ల గుడ్డ పెట్టుకో.

తమ్ముడు


కాపలా గది
పంతొమ్మిది

తమ్ముడూ,

గుర్రం లేదని అడవి ఆగదు కాబట్టి నడుస్తున్నాను. పైనున్న నీటి తొట్టి దాకా వెళ్లి, కంచె వెంబడి తిరిగి వస్తే పదకొండు కిలోమీటర్లు. గుర్రం మీద రెండు పూటలా తిరిగేదాన్ని, ఇప్పుడు ఒక పూటే. మిగతా పూట కాళ్లు బకెట్లో పెట్టుకుని కూర్చుంటాను. దుంగలు నరికేవాళ్లకి నేను ఏ పూట రానో ఇప్పటికే తెలిసిపోయింది. నిన్న కంచె పక్కన తాజా రంపపు పొట్టు కనిపించింది. నేను చేరేసరికి పొట్టే మిగిలింది.

రేంజి అధికారి జీపాపి, ‘ఇంకా వెతుకుతున్నారా అమ్మా? గేటు నీడపట్టున ఉంటుంది, హాయి’ అన్నాడు. మంచి మాటే అన్నాననుకున్నాడు.

గేటు నువ్వు బస్సులోంచి చూసి ఉంటావు. ఒక అడ్డకర్ర, ఒక కుర్చీ, ఒక పుస్తకం. లారీ వస్తే కర్ర ఎత్తి, నంబరు రాసి, దించాలి. ఇంతకుముందు అక్కడ కూర్చున్నతన్ని గేటు బాబాయి అనేవాళ్లం. ఏడేళ్లు కూర్చున్నాడు. చివరికి ఎవరైనా పలకరిస్తే కుశలం బదులు నంబరు అడిగేవాడు. మేం నవ్వేవాళ్లం. నాకిప్పుడు యాభై రెండు. పై వాలు మీద ఏ బండ కదులుతుందో, ఏ నెలలో ఏ ఊట ఎండుతుందో తప్ప నాకు వేరే విద్య రాదు. అది కుర్చీలో కూర్చుని చేసే పని కాదు.

బెల్లం దగ్గర మళ్లీ చూడకు. డాక్టరమ్మకి నా తరఫున మంచి మాట చెప్పు.

అక్క


నాడాల కొట్టు
రెండో తారీకు

అక్కా,

నెల మారింది. కబురు ఆలస్యమైనందుకు తిట్టుకుని ఉంటావు. రెండో గుర్రం దగ్గర పన్నెండు రోజులు పోయాయి. బూడిద రంగుది, ఏడేళ్లది. కళ్లు, గుండె, కాళ్లు, ఎక్స్‌రే, రక్తం అన్నీ గట్టెక్కాయి. డాక్టరమ్మ కాగితం రాయడానికి కలం కూడా తీసింది. ఎందుకైనా మంచిదని నేనే జీనేసి వంతెన దాకా తీసుకెళ్లాను. సందు చివర దాకా బానే వచ్చింది. వెనక శాలలో గుర్రాల వాసన పోగానే నిలబడిపోయింది. దిగి లాగాను, తోశాను, బతిమాలాను. తోడు లేనిదే అడుగు వెయ్యదట. వెనక్కి తిప్పితే మాత్రం నన్ను ఈడ్చుకుంటూ వచ్చింది. అడవిలో నీకు తోడుగా ఇంకో గుర్రాన్ని ఎక్కడ తేను? కాళ్లకి రోగం లేకపోతే సరిపోదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి. మా వీధి చివర లెక్కల మాస్టారి ఎర్ర ఆడగుర్రం నీకు గుర్తుందా? నువ్వు ఒకసారి ‘ఇది నడుస్తోందా, గచ్చు మీద వేళ్లు వాయిస్తోందా’ అన్నావు. అదే. మాస్టారికి కళ్ల ఆపరేషనైంది, ఇక ఎక్కొద్దన్నారట. మంచి చేతికి వెళితే చాలు, అదీ మీ అక్కకైతే ఇంకా సంతోషం అన్నారు. తొమ్మిదేళ్లది. నాలుగేళ్లుగా నాడాలు కొడుతున్నది నేనే. ఒక్కసారి కూడా ఏ ఫిర్యాదూ రాలేదు. ఇంట్లో పెట్టుకుని ఊరంతా తిరిగానని నీ మరదలు నవ్వుతోంది.

ఆ గుర్రం కాళ్లు నాకు నా వేళ్లంత తెలుసు. ఇక దిగులు పడకు.

తమ్ముడు


కాపలా గది
ఆరు

తమ్ముడూ,

గుర్తుంది. నాకు నచ్చింది.

ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి. శాల కడిగాను. పాత గడ్డి తీశాను.

నీకు తెలిసిన గుర్రమే అయినా నాడాలు విప్పించు.

అక్క


నాడాల కొట్టు
పదమూడు

అక్కా,

ఇది మూడోసారి రాయడం. మొదటి రెండూ కొలిమిలో వేశాను.

డాక్టరమ్మ వచ్చింది. నాడాలతో చూసింది. రాళ్ల మీద, మెత్తటి నేల మీద, గుండ్రంగా రెండు వైపులా నడిపించాను, పరిగెత్తించాను. గచ్చు మీద వేళ్లు వాయించినట్టే ఉంది. మాస్టారు నల్ల కళ్లద్దాలతో అరుగు మీద కూర్చుని చప్పుడు వింటూ తలాడిస్తున్నారు. డాక్టరమ్మ, ‘ఇక నాడాలు విప్పు’ అంది.

‘నేనే కొట్టినవి. కింద ఏముందో నాకు తెలుసు’ అన్నాను.

‘తెలిస్తే విప్పడానికేం?’

విప్పాను. ఆమె నా నాడాని తీసుకెళ్లి గచ్చు మీద పెట్టి, వంగి చూసింది. మడమ వైపు ఎత్తుగా ఉంది. గిట్ట అలవాటు పడాలని ఆ రాత్రి మెత్తటి గడ్డిలో ఉంచమని, పొద్దున మళ్లీ వచ్చింది. అప్పుడు నడిపించాను, అక్కా. ఎర్రది రెండు ముందు కాళ్లూ వేడి పెనం మీద పెట్టినట్టు పెడుతోంది. ఎడమ మడమకి మొద్దుబారే సూది వేసింది. పావుగంటకి ఆ కాలు బాగైంది, కుడి కాలు కుంటడం మొదలైంది. రెండూ నొప్పే కాబట్టి ఇన్నాళ్లూ ఏదీ ప్రత్యేకంగా కుంటలేదట. ఎక్స్‌రేలో మడమ లోపలి చిన్న ఎముక పురుగు తిన్న చెక్కలా ఉంది.

‘నీ పని చాలా బాగుంది. అందుకే ఇంతకాలం ఎవరికీ తెలియలేదు’ అంది. తిట్టినా బావుండేది.

నాలుగేళ్లలో అడుగు కాస్త పొట్టిగా కనిపించినప్పుడల్లా మడమ దగ్గర గోటి మందం ఎత్తు పెట్టాను. ఎత్తు మీద మడమకి బరువు తగ్గి అడుగు సాగుతుంది, అది నా చేతికి అలవాటు. బావుంటే బావుందనుకున్నాను. ఎందుకు పొట్టిగా వేస్తోందని అడగలేదు. మాస్టారు ఒక్క మాటే అన్నారు, ‘పార్కులో చదును నేల మీద నేను తిప్పినంత కాలం దానికి నొప్పి లేదంటావా?’ లేదన్నాను. ఆ మాటకి డాక్టరమ్మ కూడా అడ్డు చెప్పలేదు.

ఇక పదిహేడు రోజులు. సంతలో ఇంకేమీ లేదు. ఒక మాట రాస్తాను, నువ్వే చెప్పు. నా నాడాలతో ఇది శుభ్రంగా నడుస్తుంది. మీ శాఖ డాక్టరు విప్పడు, పది నిమిషాల్లో సంతకం పెడతాడు. నేను రెండు నెలలకోసారి ఎప్పట్లా వచ్చి నాడాలు మారుస్తాను. ఏడాదో రెండేళ్లో గడుస్తుంది. ఈలోగా మంచిది దొరుకుతుంది.

ఏం చెయ్యమంటావు?

తమ్ముడు


కాపలా గది
పదహారు

తమ్ముడూ,

నాడాలు కొట్టి పంపు.

నిన్న పై తొట్టి దగ్గర కూర్చుని లేవలేకపోయాను. చీకటి పడే దాకా అక్కడే ఉన్నాను. మంచీ చెడూ ఆలోచించే ఓపిక లేదు. వాలు దారి పట్టను, చుట్టు దారిన తిరుగుతాను. లారీ ఏ రోజు వస్తుందో రాయి.

అక్క


నాడాల కొట్టు
ఇరవై

అక్కా,

లారీ రాదు.

నాడాలు కొట్టాను. పొద్దున లారీ వాడు వచ్చాడు, చెక్క వేశాడు. ఎర్రది ఎక్కింది. మంచి గుర్రం, ఎక్కమంటే ఎక్కుతుంది. లోపల తాడు కట్టి దిగాను. డ్రైవరు ‘పోనీయమంటారా’ అంటే లోపలికెళ్లి తాడు విప్పాను. మళ్లీ దింపాను. అతను నా మొహాన్ని చూసి, ‘రెండు మనసులతో గుర్రాన్ని ఎక్కించకూడదన్నా. అది చెక్క మీద మూత్రం పోసింది, నేను కడుక్కోవాలి’ అన్నాడు.

పెద్దాయన సంగతి నీకు చెప్పాలి.

పోయిన ఏడాది వానల్లో నేను వచ్చినప్పుడు ముందు కాళ్లు పొట్టిగా వేస్తున్నాడు. గిట్ట ఎత్తి మడమ నొక్కితే కాలు లాక్కున్నాడు. ఎర్రదాని విషయంలో నేను అడగలేదు, అది నిజం. పెద్దాయన విషయంలో నాకు తెలుసు. నీకు చెబితే నువ్వు ఆఫీసులో చెప్పాలి. చెబితే గేటు. నువ్వు అప్పుడు గుమ్మంలో కూర్చుని ఎవరో దుంగల దొంగ నీ గుర్రాన్ని చూసి చెట్టెక్కి దిగలేకపోయిన కథ చెబుతున్నావు. వినేవాడికంటే ముందే నవ్వుతావు నువ్వు. నేను మడమ కింద గోటి మందం ఎత్తు పెట్టాను. మర్నాడు ఆయన బాగా నడిచాడు. రెండు నెలలకి ఇంకో గోటి మందం. ఆ తర్వాత ఇంకోటి. చివరిసారి వచ్చింది నువ్వు పడడానికి పది రోజుల ముందు. అంత ఎత్తు మీద నిలబడిన గుర్రం వాలు దిగితే ముందుకు తూలిపడుతుంది. నాడాలు కొట్టేవాళ్లలో అది తెలియనివాడు ఉండడు.

జారిపడ్డాడని అందరూ అంటే నేనూ అవునన్నాను. నీ చెయ్యి కట్టు చూసి కూడా అన్నాను. ఆ కొండ మీద ఆయన్ని పడుకోబెట్టి డాక్టరు చివరి సూది వేస్తుంటే తల పట్టుకున్నది నువ్వు. నేను బస్సులో ఉన్నాను.

నిన్ను గేటుకి వేస్తారని తెలుసు. అయినా ఈ గుర్రాన్ని నీ కింద పెట్టలేను. నువ్వు పంపమన్నా పెట్టలేను.

తమ్ముడు


కాపలా గది
ఇరవై ఆరు

తమ్ముడూ,

ఉత్తరం అందిన రోజు ఏమీ చెయ్యలేదు. తర్వాతి రోజు కంచె తిరిగొచ్చి, స్నానం చేసి, మళ్లీ చదివాను.

నీ మీద కోపం రాలేదని రాయను. వచ్చింది. నిలవలేదు, ఎందుకంటే నాకు తెలుసు.

పన్నెండేళ్లు ఎక్కినదాన్ని. ఆయన అడుగు పొట్టయితే నా నడుముకి తెలియదా? నువ్వు వచ్చి వెళ్లిన వారం బాగుండేది. యాభై రోజులయ్యేసరికి మళ్లీ పొట్టయ్యేది. అప్పటి నుంచి నీ బస్సు ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. నిన్ను చూడాలని అనుకున్నావు నువ్వు. సగం దానికే, సగం నాడాలకి. నువ్వు ఏం చేస్తున్నావో నేను అడగలేదు, అడిగితే నువ్వు చెబుతావని. వాలు దారి మానేసి ఆరు నెలలు చుట్టు దారిన తిరిగాను. ఆ రోజు మబ్బు పట్టింది, త్వరగా చేరాలని వాలు పట్టాను. నా తొందర అది.

నాడాలు విప్పించమని మొదటి ఉత్తరంలో రాసింది అందుకే. నువ్వే చెబుతావేమోనని చూశాను. తర్వాత నాడాలు కొట్టి పంపమని రాసింది కూడా నేనే. రెండూ ఒకే చెయ్యి రాసిందంటే ఎదుటివాళ్లకే కాదు, నాకే నన్ను చూస్తే విసుగొస్తోంది.

ఒకటి మాత్రం రాస్తాను. నువ్వు వానల్లోనే చెప్పి ఉంటే నేను వినేదాన్ని కాదు. నోరు ముయ్యమని, చేతనైతే బాగు చెయ్యమని అనేదాన్ని. నువ్వూ చేసేవాడివి. కాబట్టి అంతా నీ నెత్తిన వేసుకుని సుఖపడకు.

నిన్న ఆఫీసుకి వెళ్లి, గడువు ఇంకా ఉన్నా, గుర్రం దొరకలేదని రాసిచ్చాను. అధికారి చదివి, ‘గేటు దగ్గర ఫ్యాను పెట్టిస్తాను’ అన్నాడు. కరెంటు లేదు అక్కడ. ఆ సంగతి ఆయనకి తెలియదు.

ఎర్రదాన్ని మాస్టారి దగ్గరే ఉండనివ్వు.

అక్క


నాడాల కొట్టు
పన్నెండు

అక్కా,

నీ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపించలేదు. ఆమే తీసి చదువుకుంది. చదివి, ‘ఇద్దరూ ఇద్దరే’ అని అన్నం పెట్టింది.

రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. గుర్రం దొరికింది. నీ గడువు దాటి ఎనిమిది రోజులకి దొరికింది. ఇటుక బట్టీ యజమాని పొలం కాపలాకి పెట్టుకున్న మగగుర్రం. మూతి పొడుగు, తోక కురచ, రంగు తడిసిన గోనెసంచి రంగు. ఎనిమిదేళ్లది. పుట్టినప్పటి నుంచి కాళ్లకి నాడా తగల్లేదు. డాక్టరమ్మ రెండు రోజులు చూసింది. కాళ్లు మడిచింది, రక్తం తీసింది, ఎక్స్‌రే తీసింది. నేను ఒక్కణ్ణే ఎక్కి వంతెన దాటించి, వాగులోకి దింపి, కట్ట వాలు దించి తెచ్చాను. వాలు మీద అది తల కిందికి దించి, ఎక్కడ కాలు పెట్టాలో చూసుకుని మరీ పెట్టింది. డాక్టరమ్మ కాగితం రాసి, ‘అందం అడక్కుండా ఉంటే మొదటి వారమే ఇది కనపడేది నీకు’ అంది. నువ్వు అందం అడగలేదని, అందం చూసింది నేనేనని చెప్పాను.

ఏం చెయ్యను దీన్ని?

తమ్ముడు


గేటు
పద్దెనిమిది

తమ్ముడూ,

నా చోట ఒకామెని వేశారు. ముప్పై కూడా లేవు. మైదానంలో పోలీసు గుర్రాల మీద నేర్చుకుందట, కూర్చునే తీరు బాగుంది. ఆమెకీ గుర్రం లేదు, ఆమెకీ అరవై రోజులే. నీ ఉత్తరం చదివి వినిపించాను. మూతి పొడుగు అన్నదగ్గర నవ్వింది. పంపమంది.

నాడాలు కొట్టకుండా పంపు. డాక్టరమ్మ కాగితం జత చెయ్యి.

ఇక్కడ లారీలు రోజుకి పదకొండు దాకా వస్తాయి. మిగతా సమయమంతా నాదే. నడుము నొప్పి తగ్గింది. నాకు అది నచ్చలేదు.

అక్క


గేటు
నాలుగో తారీకు

తమ్ముడూ,

గోనెసంచి క్షేమంగా చేరింది. మా డాక్టరు పళ్లు చూసి, గిట్టలు చూసి, ‘నాడాలేవి?’ అన్నాడు. కొత్తామె నా వైపు చూసింది.

‘చూసుకోడానికి వీలుగా కొట్టకుండా తెచ్చాం సార్’ అన్నాను.

‘నేనెప్పుడైనా నాడాల్లేకుండా తెమ్మన్నానా?’

‘లేదు సార్. మీరు అడగరనే.’

ఆయన కోటు విప్పి గేటు కర్రకి తగిలించి, కాలు పైకెత్తాడు. ఆ తర్వాత గంటసేపు వదల్లేదు. మడమలు నొక్కాడు, కాళ్లు మడిచాడు, ఇక్కడి కంకర మీదే తిప్పాడు. రెండు లారీలు ఆగి హారను కొట్టాయి. నేను కర్ర ఎత్తలేదు. సంతకం పెట్టేటప్పుడు, ‘ఇలా చూసి చాలా ఏళ్లయింది’ అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

నిన్న పొద్దున కొత్తామె మొదటిసారి పైకి బయల్దేరింది. గేటు దగ్గర దిగి జీను పటకా బిగిస్తోంది. నేను పుస్తకంలో టైము రాస్తున్నాను. నాతో ఏం మాట్లాడాలో తెలియక మాట్లాడిందో, నిజంగా తెలుసుకుందామనో, అడిగింది.

‘అక్కా, ఎప్పుడైనా ఇది కాలు పొట్టిగా వేస్తే ఏం చెయ్యాలి?’

‘ఆ రోజే డాక్టరుకి చెప్పాలి.’

‘చెబితే?’

‘నయమయ్యేదైతే నయం చేస్తాడు. లేకపోతే కాగితం రాస్తాడు.’

‘రాస్తే నన్ను గేటుకి వేస్తారు కదా, మీలాగా?’

‘వేస్తారు’ అన్నాను. ‘అయినా చెప్పు.’

ఆమె పటకా ఒక రంధ్రం ఎక్కువ బిగించి, ఎక్కి కూర్చుంది. నేను కర్ర ఎత్తాను.

అక్క